బాలురకు వాగ్గేయకారుల చరిత్రలు

(ఒక పఠనమందిర సభలో మేము చేసిన ప్రసంగపు పాఠము)

గద్వాలలో ఒక మిత్రుని యింట మేము బసచేసియుండగా, ఆ యింటి తొమ్మిదేండ్ల బాలిక త్యాగరాజకృతి నొకదానిని మాకు పాడి వినిపించినది. శ్రుతి చక్కగా నిలిచినది, తాళము తప్పలేదు. మేము సంతసించి, "తల్లీ, ఈ పాట ఎవరు కట్టినారు?" అని యడిగితిమి. "త్యాగరాజు" అని వెంటనే చెప్పినది. కొంచెమాగి మమ్మే తిరిగి ప్రశ్నించినది: "తాతయ్యా, ఆయన ఏ ఊరికి రాజు?"

ఇంటివారందరు నవ్విరి. మాకు నవ్వు రాలేదు. ఆ బిడ్డ యడిగినది సబబైన ప్రశ్న. కోటనీడలో పెరుగుచున్న పిల్లకు రాజనగా కోట గట్టించిన సోమభూపాలుడే తోచును గాని, తంబుర భుజమున వేసికొని వీథివీథి తిరిగి బియ్యము యాచించిన మనుష్యుడెట్లు తోచును? ఆయన రాజు గాడమ్మా, తిరువారూరులో వెలసిన త్యాగరాజస్వామి పేరు తల్లిదండ్రులు బిడ్డకు పెట్టుకొన్నారు, ఉంఛవృత్తితో బ్రతికినాడు, తంజావూరు రాజు పిలిపించినను పోలేదని చెప్పుదురు, అని మేము చెప్పగా ఆమె పాట మాని మా యొద్దకు వచ్చి కూర్చున్నది. "రాజు పిలిస్తే ఎందుకు పోలేదు?" అని మరల నడిగినది. ఆ రాత్రి భోజనమగువరకు ఆమె ప్రశ్నలు తెగలేదు. మరునాడు ఊరు విడుచునప్పుడు ఆమె చేతిలో బెట్టి రాదగిన తెలుగు పుస్తకము, ఆమె తనంతట చదువుకొనదగినది, ఒక్కటియైనను మా సంచిలో లేదు. ఆ ప్రయాణముననే ఈ ప్రసంగము పుట్టినది.

పిమ్మట మేము ఈ మూడు పట్టణములలోను, గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలులలో, దుకాణములయందును గ్రంథాలయములయందును వెదకితిమి. పేరు చెప్పనక్కరలేని ఒక పఠనమందిరమున పెద్ద బల్లల చుట్టును యువకులు క్రిక్కిరిసి కూర్చుండి ఉద్యోగపరీక్షల గ్రంథములను వల్లించుచుండిరి. వారిని మేము తప్పుపట్టము. పొట్టకూటికై చదువువానిని నిందించుట కడుపు నిండినవాని పని. కాని పిల్లల బీరువా యెక్కడనని యడిగినప్పుడు దానికి తాళము వేసియుండెను. తాళపుచెవి ఎవరియొద్ద నున్నదో ఎవరును ఎరుగరు. అద్దములోనుండి తొంగిచూచితిమి. జంతువుల కథలు, విజ్ఞానశాస్త్రజ్ఞుల జీవితములు, దేశనాయకుల జీవితములు. మంచివే. గాయకు డొక్కడును లేడు.

పెద్దలకు గ్రంథములు లేకపోలేదు. బాలాంత్రపు రజనీకాంతరావుగారి "ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము" 1958లో వెలువడి, 1961లో సాహిత్య అకాడమీ బహుమానమందినది. అది పండితుని బల్లమీద నుండదగిన గ్రంథము. దానిని పదేండ్ల పిల్లవాని చేతికిచ్చుట, పాలు మాన్పని బిడ్డకు సజ్జరొట్టె పెట్టుట వంటిది. ఆ గ్రంథము నరిగించుకొని, దానిలోని సారమును పిల్లల నోటికి అందునట్లు ముప్పది నలుబది పుటలలో పోయువారు కావలెను.

ఇతరదేశములవారు ఈ పని ఎన్నడో చేసికొన్నారు. అమెరికాలో ఓపల్ వీలర్, సిబిల్ డ్యూచర్ అను నిద్దరు స్త్రీలు 1934లో మొజార్టు బాల్యమును గూర్చియు, 1937లో బాఖును గూర్చియు పిల్లలకై పుస్తకములు వ్రాసిరి. కథ నడుమ ఆ మహనీయుల రచనలలో చిన్నచేతులు వాయింపగల చిన్న స్వరరచనలను గూడ అచ్చువేసిరి. పిల్లవాడు కథ చదువును. వెంటనే లేచి వాద్యముకడకు బోవును. ఈ పద్ధతి మేము మెచ్చినది. బీథోవెను చెవిటివాడయ్యును సంగీతము వ్రాసెనని మన పిల్లలలో ఇంగ్లీషు చదువు చదివినవారికి తెలియును. ఆయన పుట్టినది 1770లో. అంతకు మూడేండ్ల ముందు, 1767లో, మన భాషలో పాడిన త్యాగరాజు పుట్టినాడు. బీథోవెనును గూర్చి తెలిసికొనవలదని మేమనము. ఇద్దరును ఒకే కాలమున ఈ భూమిమీద తిరిగినవారని చెప్పిననాడు పిల్లల కన్నులు విచ్చుకొనుట మేము చూచితిమి.

చలనచిత్రములున్నవి గదా యని కొందరందురు. 1946లో నాగయ్యగారి "త్యాగయ్య" వచ్చినప్పుడు అది ప్రజల హృదయములను కదలించిన మాట నిజము. 1997లో "అన్నమయ్య", 2006లో "శ్రీరామదాసు" వచ్చినవి. ఈ రెండింటను కథానాయకుడు నాగార్జునగారే. వనపర్తిలో ఒక బాలుడు మాతో, అన్నమయ్యయే తరువాత రామదాసై కారాగృహమునకు బోయెనని గట్టిగా వాదించినాడు! తాళ్లపాక అన్నమాచార్యుడు 1503లో పరమపదించెను. కంచెర్ల గోపన్న గోలకొండ చెరలో నుండినది తానాషా కాలమున, అనగా ఇంచుమించు నూటయెనుబది యేండ్ల తరువాత. వెండితెర ముఖము నిచ్చును గాని కాలమును ఊరును ఇయ్యదు. ఆ రెండును పుస్తకమే ఇయ్యవలెను. పిల్లవాడు పుట వెనుకకు త్రిప్పి మరల చూచుకొనగలడు. ఆగి తండ్రిని అడుగగలడు.

ఇక అసలు మాటకు వత్తము. తెలుగు బిడ్డకు లోకములో మరి యెవరికిని లేని భాగ్య మొకటి కలదు. త్యాగరాజు, శ్యామశాస్త్రి కట్టిన కృతులలో అధికభాగము మన భాష. తిరువయ్యారులో, మద్రాసులో, కడలికావల సింగపూరులో, అరవబిడ్డ అర్థము తెలియకయే ఆ కృతులను భక్తితో వర్ణించి పాడుచున్నది. మన బిడ్డకు అర్థము తెలియును, పాట రాదు. వచ్చినను పాడినవా డెవ్వడో తెలియదు. పొలము మనది, పంట యెవరో కోసికొనుచున్నారని వాపోవుట మా యుద్దేశము గాదు. అరవవారు కాపాడకున్న ఆ పంట మిగిలియుండెడిదే కాదు. వారికి మనము ఋణపడియున్నాము. కాని మన గాదె ఖాళీగా నుండుటకు వారు కారణము గారు.

పిల్లలకు చెప్పదగిన దేమున్నది, కృతులు కట్టినాడు, దైవసన్నిధి జేరినాడు, అంతియే గదా అని ఒక ఉపాధ్యాయమిత్రుడు మాతో ననెను. ఇది పొరపాటు. అన్నమయ్య కథ యెట్లు మొదలగును? ఇంటివారు గడ్డి కోసికొనిరమ్మని కొడవలి యిచ్చి పంపిరి. గడ్డి కోయుచుండగా చిటికెనవ్రేలు తెగినది. అంతట ఆ దారినే తిరుమలకు బోవు యాత్రికులు పాడుచు ఆడుచు వచ్చుచుండగా పిల్లవాడు కొడవలి పారవైచి వారి వెంట నడచినాడు. మా నాగరుకర్నూలు పల్లెలలో కొడవలి పట్టి వ్రేలు కోసికొనని పిల్లవాడు గలడా? పిదప ఆయన కొండ యెక్కుచు, చెప్పులు విడువవలెనని తెలియక మోకాళ్లమెట్టుకడ సొమ్మసిల్లి పడినాడట. ఆయన సంకీర్తనములను రాగిరేకులపై చెక్కించి తిరుమలలో ఒక అరలో భద్రపరచిరి. ఆ యర శతాబ్దములు మరుగున బడియుండి, గడచిన శతాబ్దిలో వెలుగునకు వచ్చినది. రెండువేలకు మించిన రాగిరేకులు! ఏ నిధికథ దీనికి సాటివచ్చును? వేటూరి ప్రభాకరశాస్త్రిగారు, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు వంటివారు ఆ రేకుల ప్రక్కన గూర్చుండి యక్షరమక్షరము చదివి లోకమునకిచ్చిరి. ఆడపిల్లలకు మరియొక మాట చెప్పవచ్చును. అన్నమయ్య యిల్లాలు తిమ్మక్క "సుభద్రా కల్యాణము" వ్రాసిన కవయిత్రి.

ఆడపిల్లల మాట వచ్చినది గాన బెంగుళూరు నాగరత్నమ్మగారిని విడిచిపెట్టరాదు. ఆమె కృతులు కట్టినది గాదు, పాడినది. అయినను త్యాగరాజు కథ ఆమె కథలేక ముగియదు. కావేరిగట్టున ముండ్లపొదలలో మరుగుపడియున్న ఆయన సమాధిని చూచి, తాను పాడి గడించిన ధనము వెచ్చించి, 1925లో అచ్చట ఆలయము నిలిపినది. ఆ యుత్సవమున స్త్రీలు పాడరాదని పెద్దలడ్డుపడగా, ఆమె స్త్రీలను గూర్చుకొని వేరుగా పాడించినది. పదేండ్ల బాలిక కింతకన్న ఏ వీరగాథ కావలెను?

ఈ చరిత్రలు మొదట ఎట్లు వ్రాయబడినవో చూతము. అన్నమయ్య మనుమడు చిన్నన్న తన తాతగారి చరిత్రమును ద్విపదలో వ్రాసెను. అది 1949లో వేటూరివారి పరిష్కరణమున ముద్రితమైనది. మనుమడు తాతను గూర్చి చెప్పిన కథ, అదియు పదిమంది కూడి పాడదగిన ద్విపదలో! ద్విపద మనకు క్రొత్తగాదు. రంగనాథ రామాయణమును ద్విపదలో జెప్పిన గోన బుద్ధారెడ్డి వర్ధమానపురపు ప్రభువు. ఆ వర్ధమానపురమే నేటి నాగరుకర్నూలు జిల్లాలోని నందివడ్డెమాను. రామకథను పామరుని నోటికందించిన ఛందస్సు మన నేలమీద మెలగినది. ఇక పండ్రెండు మెట్ల కిన్నెర మీటుచు పండుగ సాయన్న కథ పాడిన దర్శనం మొగులయ్యగారు ఈ జిల్లావారే. 2022లో పద్మశ్రీ పురస్కారము నందినారు. ఒక మనుష్యుని బ్రతుకును పాటలో గట్టి చెప్పుట, దానిని పిల్లలు అరుగులమీద గూర్చుండి వినుట, ఈ ప్రాంతమున తరతరాలుగా నడచినదే. కొత్తగా మనము చేయవలసినది దానిని అచ్చుకాగితముమీదికి తెచ్చుట మాత్రము.

వనపర్తివారికి ఒక మాట. మానవల్లి రామకృష్ణకవిగారు మీ సంస్థానము నాశ్రయించియుండిన పండితులు. నన్నెచోడుని కుమారసంభవమును 1909లో అచ్చొత్తించి, ఉన్నాడని యెవ్వరు నెరుగని కవిని తెలుగువారికిచ్చినవారు. భరతుని నాట్యశాస్త్రమును అభినవగుప్తుని వ్యాఖ్యతో పరిష్కరింపగా దాని మొదటి సంపుటము 1926లో బరోడాలో వెలువడెను. సంగీత నాట్య శబ్దములకు కోశముగా "భరతకోశము" గూర్చగా 1951లో తిరుపతిలో వెలువడినది. ఇంతటివాడు నడచిన వీథులలో నేడు "రాగమనగా నేమి?" అని పిల్లవాడడిగిన చెప్పువారు కరవైరి. రామకృష్ణకవిగారి పేరు ఈ యూర ఎందరు పిల్లలకు తెలియునో మీరే యెంచుకొనుడు.

గద్వాలవారికి మేము చెప్పదలచినది అన్నిటికన్న ముఖ్యము. వాగ్గేయకారుని కథ యనగానే మనకు కావేరితీరము తలపునకు వచ్చును. తుంగభద్ర కృష్ణల నడుమ నున్న మన నడిగడ్డలో, అయిజకు సమీపమున, ఉత్తనూరను గ్రామము గలదు. అచ్చట 18వ శతాబ్దమున గోపాలదాసు నివసించెను. విజయదాసునకు శిష్యుడు, కన్నడమున కీర్తనలు కట్టిన హరిదాసు, ముద్ర గోపాలవిఠలుడు. ఆయన పేరు కన్నడదేశమున ఇంటింట వినబడును. ఉత్తనూరునకు ఆమడదూరమున పుట్టిన మన పిల్లలకు తెలియదు.

ఆయనను గూర్చి పెద్దలు చెప్పు కథ యిది. రాయచూరు ప్రాంతమున మాన్వి యందు శ్రీనివాసాచార్యుడను సంస్కృతపండితుడుండెను. దేశభాషలో పాటలు కట్టు దాసులనిన ఆయనకు చులకన. విజయదాసు భోజనమునకు పిలువగా కడుపునొప్పి యని సాకు చెప్పి పోలేదు. సాకుగా చెప్పిన నొప్పి నిజముగనే పట్టుకొన్నది. ఎన్ని మందులు మ్రింగినను పోలేదు. తుదకు గర్వమణగి విజయదాసు నాశ్రయింపగా ఆయన, "ఉత్తనూరునకు గోపాలునికడకు పొమ్ము" అనెను. ఆ పండితుడు నీరసించి వచ్చి గోపాలదాసు గుమ్మము ముందర నిలిచెను. గోపాలదాసు ఆయనకు జొన్నరొట్టె పెట్టెను. ఆ రొట్టెతో తన యాయువులో నలుబదియేండ్లు ధారవోసెనని చెప్పుదురు. ఆ పండితుడే తరువాత జగన్నాథదాసై, ఏ దేశభాషను చులకన చేసెనో ఆ కన్నడముననే "హరికథామృతసారము"ను రచించెను.

జొన్నరొట్టె! సభాసదులారా, నడిగడ్డ పిల్లవాడు ఉదయమున తిని బడికి బోవునది అదియే. ఇట్టి కథ మన చేతికంది యుండగా మనము పిల్లలకు చెప్పకుండుట కేమి కారణము చెప్పగలము? ఆయన కన్నడములో పాడినాడు గాన మనవాడు గాడందురా? ఆ దినములలో గద్వాలకును రాయచూరునకును నడుమ నేటి యెల్ల లేదు. 1956 వరకును రెండును హైదరాబాదు రాజ్యముననే యుండెను. మన యిండ్లలో సగము మందికి ఏటికావల చుట్టములున్నారు. కావేరిగట్టున తెలుగులో పాడినవానిని అరవవారు తమవానిగా జూచికొనగా, మన గట్టున కన్నడమున పాడినవానిని మనము మనవాడనుకొనలేమా?

ఇచ్చట ఒక చిక్కున్నది. దానిని దాచక చెప్పుదుము. ఆయువు దానము చేయుట, రామలక్ష్మణులు వచ్చి తానాషాకు పైకము చెల్లించుట, ఇట్టివానిని పిల్లలకు జరిగిన సంగతులవలె చెప్పవచ్చునా? కొందరు మిత్రులు అద్భుతములన్నిటిని తీసివేసి పుట్టిన తేది, గిట్టిన తేది, రచనలసంఖ్య మాత్రమే యుంచవలెనందురు. ఆ పుస్తకమును పిల్లవాడు చదువడు. చదివినను వానికి జ్వరము వచ్చినట్లుండును. మరికొందరు అద్భుతములనే మిగిల్చి మనుష్యుని మాయము చేయుదురు. మేము చెప్పునది యిది. తెలిసినదానిని తెలిసినదిగా వ్రాయుడు. వినికిడిని "అని పెద్దలు చెప్పుదురు" అను మాటతో వ్రాయుడు. ఆ రెండు మూడు మాటలు పిల్లవాడు గ్రహింపలేడనుకొనరాదు. వాడు మనకన్న చురుకు. గోలకొండ కోటకు విహారయాత్రగా బోయి రామదాసు బందిఖానాను చూచి వచ్చిన పిల్లవానికి ఆ రాతిగోడ నిజము. ఆ గోడలో నుండి పాట పుట్టుట నిజము. విడుదల యెట్లాయెనో పెద్దలు చెప్పు కథను వాడు వినును, ఆలోచించుకొనును.

రామదాసు కథ వ్రాయువారికి ఇంకొక విన్నపము. తానాషాను రాక్షసునిగా చిత్రింపవలదు. గోపన్న రాజ్యపుధనమును ఆలయమునకు వెచ్చించిన తహసీలుదారు. రాజు లెక్క యడిగెను. తుదకు రామదర్శన మబ్బినది గోపన్నకు గాక తానాషాకే యని గదా మన పెద్దలు పాడుకొన్నది! ఆ కథ నల్లినవారి హృదయవైశాల్యమును మనము కుదింపరాదు. పిల్లల పుస్తకములో నాటిన ద్వేషబీజము ఎనుబది యేండ్లు మొలచుచుండును.

ఇక పుస్తకమెట్లుండవలెను? పెద్ద యక్షరములు, చిన్న వాక్యములు. ఒక దేశపటము: తిరువారూరు, తాళ్లపాక, నేలకొండపల్లి, మొవ్వ, ఉత్తనూరు గుర్తింపబడవలెను. ఉత్తనూరును గుర్తించిన పటము మేమింతవరకు చూడలేదు. తుదిపుటలలో ఒకటి రెండు పాటలు, స్వరముతో. ముద్రలను గూర్చి ఒక ప్రకరణము తప్పక యుండవలెను. ఇది మేము స్వయముగా పరీక్షించి చూచినది. పాట చివర కవి తన గుర్తును దాచునని, దీక్షితులవారిది గురుగుహ యని, క్షేత్రయ్యది మువ్వగోపాల యని చెప్పి విడిచిపెట్టితిమి. పిల్లలు దొంగను పట్టువారివలె పాటపాటను వెదకుచు రెండు గంటలు కదలలేదు. త్యాగరాజు "నౌకాచరిత్రము" నాటకమును బడిపిల్లలచే ఆడింపవచ్చును. దానికి కావలసినది ఒక పడవ బొమ్మ, పదిమంది గోపికలు, తాళము తప్పని ఉపాధ్యాయుడు. చివరిదే దొరకుట కష్టము.

ఈ పని యెవరు చేయవలెనని ప్రశ్న. ప్రభుత్వము చేయునని కూర్చుండిన పిల్లలు పెద్దవారై పోవుదురు. 1896లో పుట్టిన, మన ఇటిక్యాలపాడునకు చెందిన సురవరం ప్రతాపరెడ్డిగారు ఏమి చేసిరో జ్ఞప్తికి తెచ్చుకొనుడు. తెలంగాణమున కవులు లేరను మాట వినబడినప్పుడు ఆయన ఎవరితోను తగవులాడలేదు. ఊరూరికి విన్నపము పంపి, వచ్చినదానినెల్ల గూర్చి, 1934లో "గోలకొండ కవుల సంచిక"ను వెలువరించెను. 354 గురు కవులు! నాటినుండి ఆ మాట మరల పుట్టలేదు. ఆయనకు ముద్రణయంత్రము, పత్రిక, ఓపిక యుండెను. మనకు పఠనమందిరము, ఓపిక యున్నవనుకొందము. ముద్రణము నేడు అంతకన్న సులభము.

కావున మే మడుగునది కొంచెమే. పాలమూరు పల్లెల భజనలలో మన్నెంకొండ హనుమద్దాసు, వేపూరు హనుమద్దాసు, రాకమచర్ల వేంకటదాసు కీర్తనలు నేటికిని పాడుచున్నారు. వానిలో కొన్ని అచ్చైనవి. కొన్ని తాతల చేతివ్రాత పుస్తకములలో, కొన్ని కేవలము ముసలివారి కంఠములలో నున్నవి. పాడు ముసలివారు తగ్గుచున్నారు. నిరుడు మేము విన్న యొక కంఠము ఈ యేడు లేదు. మీ యింటి అటుకమీద, దేవుని గూటిలో, పాత ట్రంకుపెట్టెలో అట్టి పుస్తకమున్నయెడల ఈ మందిరమునకు తెండు. మేము ప్రతి వ్రాసికొని మరల మీ పుస్తకము మీ కిచ్చెదము. ఉత్తనూరునకు బోయివచ్చిన వృద్ధులెవరైన నున్నయెడల వచ్చి ఒక సాయంకాలము మా ప్రక్కన గూర్చుండుడు. మొదటి పుస్తకము గోపాలదాసును గూర్చి వ్రాయుదుము. నలుబది పుటలు మించదు. అచ్చునకు బోవుటకు ముందు దానిని గద్వాలలోని ఆ తొమ్మిదేండ్ల బాలికచే చదివింతుము. ఆమెకు తెలియని మాట యెచ్చట నున్నదో అచ్చట గీటు పెట్టుమని పెన్సిలు గూడ ఆమెకే యిత్తుము.